బీరువాలోని ఆరు లాప్‌టాప్‌లు

ఆ కాలేజీలో నేను చేసిన మొదటి పని నల్లబల్ల మీద కీబోర్డు బొమ్మ గీయడం. పిల్లలు స్కేలు పెట్టి దాన్ని రికార్డు పుస్తకాల్లోకి దించుకున్నారు. ఒకమ్మాయి ఎంటర్ మీటకు ఎర్ర పెన్సిలుతో రంగు కూడా వేసి, "మేడం, ఇది ఒత్తితే ఏమైతది?" అని అడిగింది. ఏమవుతుందో నోటితో చెప్పాను. చూపించడానికి కంప్యూటర్ లేదు.

తొంభై ఎనిమిది నాటి సంగతి. నల్లగొండలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీ. కాంట్రాక్టు మీద నన్ను కంప్యూటర్ టీచరుగా తీసుకున్నారు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది మోత్కూరు దగ్గరి పల్లె. బాపు, అంటే మా నాన్న, చిన్నతనంలో ఒక ఆసామి దగ్గర జీతగాడిగా ఉన్నాడు, పెద్దయ్యాక మండలాఫీసులో స్వీపరయ్యాడు. ఆదివారం పొద్దున చర్చికి ఇస్త్రీ చొక్కా వేసుకొని పోయేవాడు, సోమవారం చీపురు పట్టేవాడు. ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఆ తర్వాత హైదరాబాదులో ఏడాది కంప్యూటర్ డిప్లొమా చేశాను. అక్కడ బొమ్మలూ రంగులూ లేని యూనిక్స్ తెరల మీద పని నేర్చుకున్నాను. నేర్చుకున్నది నల్లగొండకు తెచ్చి పిల్లలకు చెబుదామని ఎంత ఆశతో వచ్చానో, నల్లబల్ల ముందు నిలబడ్డ రోజు అంత కోపమొచ్చింది.

ముప్పై ఎనిమిది మంది పిల్లలు. తిప్పర్తి, కనగల్, పానగల్ నుంచి బస్సుల్లో వేలాడుకుంటూ వచ్చేవాళ్ళు. టైంటేబుల్లో ప్రాక్టికల్స్ అని రాసి ఉన్న పీరియడ్లలో వాళ్ళతో బొమ్మలు గీయించాలి. ఏడాది చివర బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి, రికార్డు తిరగేసి సంతకం పెట్టిపోతాడు. కంప్యూటర్‌ని వేలితో కూడా ముట్టుకోని పిల్ల కంప్యూటర్ ప్రాక్టికల్స్‌లో పాసైనట్టు కాగితం చేతికొస్తుంది. ఇది ఎవరికీ తప్పుగా తోచలేదు. అదే నాకు మింగుడు పడేది కాదు.

రెండో నెలలో ఒకరోజు గదులూడ్చే ఆయమ్మ నాతో అంది. "మేడం, ఆఫీసుల గా పెద్ద బీరువ లేదా, దాంట్ల సూటుకేసులసొంటి మిషన్లున్నయి. తుడిచేటప్పుడు చూసిన. మూత తెరిస్తే అద్దమున్నది."

నేను నేరుగా ఇన్‌ఛార్జి సారు గదికి వెళ్ళాను. ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీగా ఉండడంతో కాలేజీ అంతా ఆయన చేతిలో ఉండేది. ఆయనది దేవరకొండ వైపు. ఫోనులో భార్యతో మాట్లాడేటప్పుడు మాలాగే తెలంగాణ యాసలో మాట్లాడేవాడు. ఫోను పెట్టేయగానే పుస్తకాల తెలుగులోకి మారిపోయేవాడు.

"అవి ఎందుకూ పనికిరానివమ్మా. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు దానంగా ఇచ్చారు. ఇంజినీరు వచ్చి చూశాడు. విండోస్ ఎక్కదని చెప్పేశాడు."

"విండోస్ ఎక్కకుంటేంది సార్? పిల్లలు నేర్చుకునేటందుకు విండోసే గావాల్నా?"

"ముందు ఆఫీసులో ఆ మాట తీరు మార్చుకో. మిషన్ల సంగతి తర్వాత చూద్దాం."

ఆయన తర్వాత చూడలేదు. నేను రోజూ ఇంటర్వెల్‌లో వెళ్ళి ఆయన గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. అడిగేదాన్ని కాదు, ఊరికే నిలబడేదాన్ని. మూడు వారాలకు ఆయనకు విసుగొచ్చింది. పనికిరానివని తను రాసిన రిజిస్టరులోనే నాతో సంతకం చేయించుకొని, ఏమైనా అయితే బాధ్యత నీదేనని చెప్పి, బీరువా తెరిపించాడు. లోపల ఆరు లాప్‌టాప్‌లున్నాయి. ఇటుకల్లా లావుగా, బూడిద రంగులో ఉన్నాయి. రెండేళ్ళ దుమ్ము పట్టి ఉంది. ఒకదాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఎండిపోయి ఉంది. పక్క గదిలో పిల్లలు ఈ వస్తువు బొమ్మే గీస్తున్నారు.

ఊరి నడిమి గడియారం స్తంభం దగ్గర రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. గడ్డం నెరిసిన మనిషి. మా పల్లెలో రేడియోలు పాడైనా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. రెండు మిషన్లు సంచిలో వేసుకొని ఆయన దుకాణానికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కరెంటు డబ్బా తీగను వేళ్ళతో తడిమి చూశాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది బిడ్డా. దీనికి అన్నం పెట్టే పేగు తెగింది. పనికిరాదని ఎవడన్నడు?"

"హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీర్ చెప్పిండట చాచా."

"విప్పి చూసిండా?"

"విప్పలేదు."

"విప్పకుండ చెప్పెటోడు ఇంజినీరెట్లయితడు," అని ఆయన స్క్రూడ్రైవరు తీశాడు.

ఆరింట్లో నాలుగు లేచాయి. రెండింటికి ప్రాణం రాలేదు. ఆరూ ఒకే రకం కావడంతో ఆ రెండింటిలోని మెమరీ ముక్కలు తీసి ఒకదానికి కలిపాను. మిగిలిన మూడింటికి తలా నాలుగు ఎంబీ మెమరీ. వాటిలో సీడీ పెట్టే జాగా లేదు, ఫ్లాపీ ఒక్కటే దారి. బ్యాటరీలన్నీ చచ్చిపోయి ఉన్నాయి. కరెంటు పోతే ఆ క్షణమే మిషన్ పోతుంది.

లినక్స్ గురించి డిప్లొమా చేసేటప్పుడే విన్నాను. యూనిక్స్‌లాగే ఉంటుంది, ఎవరైనా వాడుకోవచ్చు, పాత మిషన్లలో కూడా నడుస్తుంది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు అమ్మేచోట ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీ దొరికింది. నల్లగొండలో పెళ్ళికార్డులు అచ్చువేసే ఒకాయన దగ్గర సీడీ ఉన్న కంప్యూటర్ ఉంది. మధ్యాహ్నం ఆయన అన్నానికి పోయినప్పుడు కూర్చోనిచ్చాడు. పన్నెండు ఫ్లాపీల్లోకి ఎక్కించుకున్నాను. కాలేజీకి వచ్చి పెడితే ఏడోది చదవలేదు. మళ్ళీ వెళ్ళాను. ఈసారి మూడోది పోయింది. ఆ ఫ్లాపీ పెట్టెను కాలేజీ కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపమొచ్చింది. విసరలేదు కానీ, తలుపును ఎంత గట్టిగా వేశానంటే ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది.

ఫ్లాపీలు కుదిరాక మెమరీ చాలలేదు. సగం దూరం వచ్చాక మిషన్ నోరు మూసుకునేది. సీడీలో ఉన్న పాఠాలన్నీ కాగితాల మీద రాసుకొచ్చి చదివాను. హార్డ్‌డిస్క్‌లో కొంచెం భాగాన్ని ముందే మెమరీలా వాడుకొమ్మని చెప్పాలట. అలా చెప్పాక ముందుకు కదిలింది. అంతా ఎక్కింది. ఆపి మళ్ళీ వేస్తే తెర మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు పడి ఆగిపోయింది. సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాం పేరులో నాలుగు అక్షరాలుంటాయి. నాలుగూ పడితేనే లేచినట్టు. నాకు రెండే పడేవి. వారం రోజులు ఆ రెండక్షరాలే. డిస్కు కొలతలు నేను తప్పు చెప్పానని చివరికి తెలిసింది. తప్పు నాదే, కానీ ఆ వారం అందరి మీదా అరిచాను.

నాలుగక్షరాలూ పడిన రోజు ఆ మిషన్‌తో చాచా దుకాణంలోనే ఉన్నాను. నల్లటి తెర మీద తెల్ల గీతలు ఒకదాని కింద ఒకటి పరుగెత్తి, చివర లాగిన్ అని ఆగింది. చాచా వంగి చూశాడు.

"ఏమడుగుతాంది?"

"పేరు అడుగుతాంది చాచా."

"చెప్పు మరి," అన్నాడు.

ఇంకా పని మిగిలే ఉంది. సిస్టమ్ గుండెకాయలాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. దానిలో మాకు అక్కర్లేనివన్నీ తీసేసి చిన్నది తయారుచేయాలి. అప్పుడే నాలుగు ఎంబీల్లో పిల్లలు పని చేసుకునే చోటు మిగులుతుంది. నెట్‌వర్క్ తీసేశాను, సౌండు తీసేశాను, సీడీ తీసేశాను. పొద్దున పదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం కరెంటు పోయి అంతా మొదటికొచ్చింది. మరునాడూ అంతే. మూడో రోజు చాచా మూడు పాత స్కూటర్ బ్యాటరీలు వరసగా కలిపి తీగ తెచ్చాడు. "కరెంటోళ్ళ దయ మనకెందుకు," అన్నాడు. ఆ సాయంత్రం పిల్లలు బస్సులకు పోయే వేళకు కెర్నల్ తయారైంది. దాన్ని ఫ్లాపీలో పెట్టుకొని మిగిలిన మూడు మిషన్లకూ ఎక్కించాను.

పిల్లలు మొదటిసారి కూర్చున్న రోజు బాగా గుర్తుంది. ఒక్కో మిషన్‌కు తొమ్మిది పది మంది. ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తున్నారు. ఒక పిల్ల తన పేరు కొట్టి ఎంటర్ ఒత్తింది. అలాంటి కమాండు లేదని మిషన్ జవాబిచ్చింది. "మేడం, నేనెవరో దీనికి ఎర్కలేదంటుంది," అని నవ్వింది. అప్పుడు ఆ పేరుతోనే రెండు లైన్ల ప్రోగ్రాం ఎలా రాయాలో చూపించాను. పేరు కొడితే ఊరి పేరు చెబుతుంది. ముప్పై ఎనిమిది మందీ తమ తమ పేర్లు మిషన్‌కు నేర్పారు. క్యాలెండర్ చూపే కమాండుతో, పుట్టిన రోజు ఏ వారమో చూసుకొమ్మన్నాను. సగం మంది చేతులు ముడుచుకొని నిలబడ్డారు. "పుట్టిన్రోజు మా అమ్మకు కూడా ఎర్కలేదు మేడం. బడిల రాయించింది కొట్టాల్నా?" అని ఒకతె అడిగింది. కొట్టమన్నాను.

ఆ పిల్లల్లో పానగల్ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె అందరికంటే ముందుండేది. సన్నగా, మాట తక్కువగా ఉండేది. ఒకసారి చెబితే చాలు. నెల తిరిగేసరికి మిగతా పిల్లలు నన్ను కాకుండా ఆమెనే అడగడం మొదలుపెట్టారు. ముప్పై ఎనిమిది మంది ఫైళ్ళూ ఆ మెమరీ ఎక్కువ ఉన్న మిషన్‌లోనే దాచేవాళ్ళం. ఆమెను నమ్మి ఎక్కువగా దాని ముందే కూర్చోబెట్టేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి చేయి రావడం లేదు. అయినా ఇది రాయకపోతే మిగతాదంతా రాసే హక్కు నాకు లేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆమె పని చేస్తుండగా మిషన్ టక్కున ఆరిపోయింది. గదిలో ఫ్యాన్ తిరుగుతోంది, అంటే కరెంటు ఉంది. ఆమే తీగను కాలితో లాగి ఉంటుందనుకొని ఆ మాటే అడిగాను. మళ్ళీ వేస్తే డిస్కు నిండా తప్పులున్నాయని వచ్చింది. పిల్లల ఫైళ్ళున్న చోట ఏమీ లేదు. నాలుగు నెలల పని. పొద్దున్నే ఇన్‌ఛార్జి సారు ఏదో మాటన్నాడు, ఆ మంట లోపలే ఉంది.

"నేను తియ్యలే మేడం. దానంతటదే పోయింది," అంది ఆమె.

"నాటేసే చేతులకు మిషన్ ఇచ్చుడు నాది బుద్ధి తక్కువ," అన్నాను.

ఆమె లేచి, కుర్చీ సరిగ్గా జరిపి, పుస్తకాలు తీసుకొని వెళ్ళిపోయింది.

డిగ్రీలో ఉన్నప్పుడు ఫిజిక్స్ ల్యాబులో నా చేతిలోంచి ఒక గాజు గొట్టం జారి పగిలింది. అప్పుడొక లెక్చరర్ అందరి ముందూ నాతో అన్నాడు, చీపురు పట్టే ఇంటి నుంచి వచ్చినవాళ్ళకు గాజు సామాను ఏం తెలుస్తుందని. ఆ మనిషి మీద కోపంతోనే నేను చదివాను. అదే మాటను కొంచెం మార్చి, నా నోటితో, మరో పిల్లకు ఇచ్చాను. ఎవరి మీదైతే ఇన్నేళ్ళు పళ్ళు నూరుకున్నానో ఆయన నా గొంతులోనే కూర్చుని ఉన్నాడని ఆ రోజు తెలిసింది.

ఆమె కాలేజీకి రావడం మానేసింది. నాలుగో రోజు మిషన్‌ను చాచా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన విప్పి, కరెంటు పిన్ను గుచ్చే చోట లోపలి అతుకు చూపించాడు. వెంట్రుకంత చీలిక.

"గిది పోయింది బిడ్డా. వేడెక్కినప్పుడల్లా విడిపోతది. ఎవ్వలు ముట్టకున్నా బందయితది."

ఆ అతుకు వేయించుకొని, మరునాడు సెలవు చీటీ రాసి పానగల్ పోయాను. ఇంటి దగ్గర ఆ పిల్ల అవ్వ ఒక్కతే ఉంది. నేనెవరో చెప్పాను.

"నువ్వేనా పంతులమ్మవు. ఏమన్నవో ఏమో, చదువు వద్దంటది. వాళ్ళమ్మతోని నాటుకు పోయింది. నువ్వే పోయి అడుగు," అంది. కూర్చోమనలేదు.

చెరువు కింది పొలంలో పది మంది ఆడవాళ్ళు వంగి నాటు వేస్తున్నారు. నేను గట్టు మీద చెప్పులు విప్పి నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది, మళ్ళీ వంగింది. తను పట్టిన వరస, మునుం, అయ్యేదాకా రాలేదు. తర్వాత బురద కాళ్ళతో గట్టెక్కింది.

"మిషన్‌ల అతుకు పోయిందట. నీ తప్పు లేదు. నేనే తప్పు మాట్లాడిన," అన్నాను.

"తప్పు నాది కాదని తెల్సినంక వచ్చిన్రు మేడం," అంది. "తప్పు నాదే అయితే వచ్చెటోళ్ళా?"

నేను అబద్ధం చెప్పలేదు.

"ఎర్కలే," అన్నాను. "వచ్చేదాన్ని కాదేమో. కని గా మాట మాత్రం తప్పే. నన్ను కూడా ఒకాయన గట్లనే అన్నడు. నేను మర్చిపోలే. నువ్వు కూడా మర్చిపోవు."

ఆమె చేతుల బురద గీక్కుంది. వస్తానని చెప్పలేదు. మళ్ళీ పొలంలోకి దిగింది. నేను నడుచుకుంటూ రోడ్డెక్కాను.

మూడు రోజుల తర్వాత వచ్చింది. నాతో మాట్లాడకుండా ఆ మిషన్ ముందే కూర్చుంది. డిస్కు తప్పులు సరిచేసే కమాండు ఇచ్చి నేను పక్కకు జరిగాను. ఈ తప్పు సరిచేయాలా, ఈ తప్పు సరిచేయాలా అని మిషన్ ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆమె ఒక్కొక్కదానికీ అవునని కొడుతూ గంటన్నర కూర్చుంది. పోయిన ఫైళ్ళలో చాలావరకు పేర్లు పోయి, అంకెలతో ఒక మూల పడి ఉన్నాయి. ఒక్కోదాన్నీ తెరిచి చదివి, ఇది ఎవరిదో ఊరి పేరును బట్టి గుర్తుపట్టి, మళ్ళీ పేర్లు పెట్టింది. ముప్పై ఒకటి దొరికాయి. మిగతా ఏడుగురూ మళ్ళీ రాసుకున్నారు.

ఫిబ్రవరిలో తనిఖీ అన్నారు. హైదరాబాద్ నుంచి అధికారి వస్తాడు. అప్పటిదాకా మా గది వైపు తొంగిచూడని ఇన్‌ఛార్జి సారు ఆ రోజు పొద్దున్నే వచ్చి, ఒక మిషన్‌ను తన గదికి పంపమన్నాడు. "నేను కూడా వస్త సార్," అన్నాను. "అవసరం లేదమ్మా, మీట నొక్కడం నాకు తెలుసు," అన్నాడు.

ఏం జరిగిందో ఆయమ్మ చెప్పింది. అధికారి ముందు సారు మీట నొక్కాడు. తెల్ల గీతలు పరుగెత్తి, లాగిన్ అని ఆగింది. సారు ఎంటర్ కొట్టాడు. మళ్ళీ అదే అడిగింది. తన పేరు కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగింది. ఏదో కొట్టాడు. తప్పంది. మూడుసార్లు అలా అయ్యాక అధికారి నవ్వి, టీ తాగి, వేరే గది చూడటానికి లేచాడట. అధికారి మనసులో ఏమీ పెట్టుకోలేదు. రిపోర్టులో కూడా ఏమీ రాయలేదని తర్వాత తెలిసింది.

సాయంత్రం నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా కాలేజీ ఆస్తిలో ఉన్న ప్రోగ్రాములు తొలగించి, వైరస్ ఎక్కించి, మిషన్లు పాడుచేశానట. క్షమాపణ రాసి సంతకం పెట్టాలట. కాగితం పట్టుకొని ఆయన గదికి వెళ్ళాను.

"వైరస్ అని ఎవరు చెప్పిన్రు సార్?"

"కంపెనీ ఇంజినీరుకు ఫోను చేశాం. నల్ల తెర వస్తే వైరసే అన్నాడు."

"ఒక్క మాట చెప్పున్రి. ఇవి పనికిరానివని మీరే రిజిస్టర్ల రాసిన్రు. పనికిరానివైతే నేను ఖరాబు చేసిందేంది? పనికొచ్చేవైతే రెండేండ్లు బీరువల ఎందుకు పెట్టిన్రు?"

ఆయన రిజిస్టరు మూశాడు. "సంతకం పెడతావా లేదా?"

"పెట్టను."

జవాబు మాత్రం రాశాను. అయిదు పేజీలు, తెలుగులో. ప్రతి మిషన్‌కు ఏం చేశానో, ఏ పిల్ల ఏం రాసిందో, అంతా. దాన్ని ఎవరైనా చదివారని నేననుకోను.

వారం తిరక్కముందే ఆ ఇంజినీరు వచ్చాడు. నునుపైన చొక్కా, చేతిలో ఫ్లాపీల పెట్టె. క్లాసు జరుగుతుండగానే గదిలోకి వచ్చి, మొదటి మిషన్‌లో ఫ్లాపీ పెట్టి, నన్ను అడగకుండానే డిస్కు మొత్తం తుడిచేశాడు.

"ఏం చేస్తున్నరు మీరు? పిల్లల పనున్నది దాంట్ల," అన్నాను.

"ఏం పనండీ, గిట్ల గట్లనా?" అని నవ్వాడు. పక్కనున్న ఇన్‌ఛార్జి సారు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఇంజినీరుది కాదు, సారుది. ఇంజినీరు వెక్కిరించింది ఆయన అమ్మ భాషను.

రెండోది తుడిచాడు. మూడోదీ తుడిచాడు. అందరి ఫైళ్ళూ ఉన్న నాలుగో మిషన్ ముందు పానగల్ అమ్మాయి కూర్చుని ఉంది. ఇంజినీరు లెమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"నేను పని చేస్తున్న సార్," అంది. "అయినంక ఇస్త."

"ఎంతసేపు?"

"అయ్యేదాక."

ఇంజినీరు ఇన్‌ఛార్జి సారు వైపు చూశాడు. సారు నా వైపు చూశాడు. నేను కదల్లేదు. ముప్పై ఏడుమంది పిల్లలూ ఎక్కడివాళ్ళక్కడే కూర్చున్నారు. ఆమె ఒక్కో ఫైలూ ఫ్లాపీలోకి ఎత్తింది. ఫ్లాపీ నిండితే పక్కపిల్ల మరొకటి అందించింది. దాదాపు ముప్పావుగంట పట్టింది. అయ్యాక మిషన్‌ను పద్ధతిగా ఆపే కమాండు ఇచ్చి, పూర్తిగా ఆరేదాకా చూసి, అప్పుడు లేచింది.

"ఇప్పుడు తీస్కోన్రి," అంది.

ఆయన దాన్ని కూడా తుడిచాడు. సర్వీసుకని నాలుగింటినీ తీసుకెళ్ళాడు. అవి తిరిగి రాలేదు. మార్చిలో వచ్చిన ఎగ్జామినర్ రికార్డులు తిరగేసి అందరినీ పాస్ చేశాడు. పిల్లలు చేసిన పని గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఏప్రిల్‌లో నా కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళీ రాయలేదు. నేను మహబూబ్‌నగర్ జిల్లా ఆత్మకూరులో ఒక స్కూల్లో చేరాను. పానగల్ అమ్మాయి డిగ్రీలో లెక్కలు తీసుకుందని ఆయమ్మ ఉత్తరం రాయించింది. ఆ పిల్ల నాకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. రాయాల్సిన అవసరం ఆమెకు లేదు.

చాలా ఏళ్ళకు మోత్కూరులో ఒక పెళ్ళిలో ఆ ఇన్‌ఛార్జి సారు కనబడ్డాడు. రిటైరయ్యాడు, తల పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి తనే దగ్గరికి వచ్చాడు. ఈసారి పుస్తకాల తెలుగు లేదు.

"మంచిగున్నవా బిడ్డా? అప్పుడు నువ్వు చేసింది మంచి పనే. నాకు ఎర్కే. గా పెద్దసారు ముందట మిషన్ నా పేరు అడిగింది. ఏం కొట్టాల్నో తెల్వక భయమైంది. ఇజ్జత్ పోయింది. గా కోపం నీ మీద తీసిన."

ఆయన ముఖం చూస్తే నిజమే చెబుతున్నాడనిపించింది. ఒక్క క్షణం జాలి కూడా వేసింది. కోపం ఎవరి మీద పుట్టి ఎవరి మీద పడుతుందో నాకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అయినా ఆయన ఆ ముక్క అప్పుడే అని ఉంటే పదిహేను నిమిషాల్లో నేర్పేదాన్ని. ముప్పై ఎనిమిది మందిలో ఎవరైనా నేర్పేవాళ్ళు.

"ఈ మాట కాగితం మీద రాసిస్తరా సార్?" అన్నాను.

ఆయన నవ్వాడు, నేను ఎగతాళి చేస్తున్నాననుకొని. భుజం తట్టి, "అన్నం తిని పో బిడ్డా," అని పంక్తి వైపు చెయ్యి చూపించాడు. నేను తినకుండానే బయటికి వచ్చాను. బస్సుకు ఇంకా గంట ఉంది. ఎండలోనే మా ఊరి దారి పట్టి నడిచాను.